గ్రంథం నడిచిన దారి – 6: ఒక్క చేతిలో లేని పుస్తకం

ఆత్మకూరు దాటి పడమరగా, వెలిగొండల దిక్కుగా పోతే మర్రిపాడు. ఆ మండలంలోని పల్లెల్లో ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్ళకు మళ్ళే వేళ, చదువుకున్న కుర్రవాళ్ళు పాస్టరుగారిని నిలేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ బైబిలు ఎప్పుడో రాసింది. ఎన్ని చేతులు మారిందో, ఎవరెవరు దిద్దారో. పైగా దొరలు తెచ్చిన పుస్తకం. దీంట్లో ఉన్నది ఉన్నట్టు నమ్మమంటే ఎట్లా అయ్యగారూ?" కొందరు పెద్దలు దీన్ని అవిశ్వాసమని గద్దించి ఊరుకుంటారు. గద్దించకూడదు. ఒక పుస్తకాన్ని నమ్మి బతకదలుచుకున్నవాడే దాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తాడు. కిందటి భాగంలో, నెల్లూరు మిషనును అమెరికాలోని పెద్దలు మూసేయబోయి మానుకున్న సంగతి చెప్పుకున్నాం. ఆ కథ ముందుకు సాగేలోగా ఈ ప్రశ్న సంగతి తేల్చుకోవాలి. 1840లో నెల్లూరులో కాలుపెట్టిన శామ్యూల్ డే, 1849లో వచ్చిన లైమన్ జ్యూయెట్, ఆ తర్వాత ఉదయగిరిలో, ఆత్మకూరులో కాపురం పెట్టిన వాళ్ళు, వీళ్ళందరూ చేతపట్టుకొచ్చింది ఆ ఒక్క పుస్తకమే. అది నిలబడకపోతే వాళ్ళ కథలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

జవాబు కోసం యెరూషలేము దాకా వెళ్ళే ముందు మన ఉదయగిరి కొండ దగ్గర కాసేపు ఆగుదాం.

కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడని ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏడాదికి పైగా సాగిన ముట్టడి 1514లో ముగిసింది. అయితే ఆ సంగతి మనకెట్లా తెలుసు? చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మనకున్న ఆధారాలు ఇవీ. ఒకటి, శాసనాలు: ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి వరసైన తిరుమల రౌతరాయణ్ణి రాయలు ప్రాణాలతో పట్టుకున్నాడని అవి చెబుతున్నాయి. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి విజయనగరంలో గుడి కట్టి నిలిపాడని హంపీ శాసనం చెబుతోంది. రెండు, కవులు: అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఈ దండయాత్ర ప్రస్తావన ఉంది. మూడు, ఒక పరదేశి: ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ముట్టడి జరిగిన ఇరవై ఏళ్ళకు విజయనగరంలో ఉండి, అక్కడ విన్నవి కూర్చి చరిత్ర రాశాడు.

ఈ మూడూ అన్ని చోట్లా కలవవు. దుర్గంలో పట్టుబడింది తిరుమల రౌతరాయడని శాసనం అంటుంది. గజపతి ఇంటి పెద్ద ఆడమనిషి ఒకామె పట్టుబడిందని న్యూనిజ్ అంటాడు. ఇద్దరూ పట్టుబడ్డారో, న్యూనిజ్ పొరపాటుగా విన్నాడో తేలదు. అంతమాత్రాన ముట్టడే జరగలేదని ఏ చరిత్రకారుడూ అనలేదు. న్యూనిజ్ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండిపోయి, 1897లో గానీ అచ్చు మొహం చూడలేదు. 1900లో రాబర్ట్ సూయెల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మన జిల్లా రాళ్ళ మీది రాతలను బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఇదీ మన ఉదయగిరి చరిత్రకున్న పునాది. ఈ పునాది మీద నిలబడి మనం ధీమాగా మాట్లాడతాం. మాట్లాడవచ్చు కూడా.

ఇప్పుడు ఇదే కొలత లూకా సువార్తకు పెట్టి చూడండి.

లూకా తన పుస్తకం మొదట్లోనే తన పద్ధతి చెప్పుకున్నాడు. కళ్ళారా చూసినవాళ్ళు అప్పగించినవాటిని మొదటినుంచి విచారించి వరుసగా రాస్తున్నానని అన్నాడు. ఆయన రాసిన రెండో పుస్తకం అపొస్తలుల కార్యములు. అందులో పౌలు కొరింథులో ఉన్నప్పుడు యూదులు ఆయన్ని గల్లియోను అనే అధిపతి ముందుకు ఈడ్చుకుపోయిన ఘట్టం ఉంది. గల్లియోను ఆ పదవిలో ఉన్నది ఏడాదో, రెండేళ్ళో. గ్రీసు దేశంలో దెల్ఫీ అనే చోట దొరికిన శాసనం ముక్కలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జతచేసి చదివితే, అందులో క్లౌదియ చక్రవర్తి రాయించిన ఉత్తరం ఉంది. దానిలో గల్లియోను పేరు, హోదా ఉన్నాయి. కాలం లెక్కగడితే సుమారు క్రీ.శ. 52. పౌలు కొరింథులో ఉన్నట్టు లూకా చెప్పిన కాలం సరిగ్గా అక్కడ కూర్చుంటుంది.

థెస్సలొనీక సంగతి ఇంకా ముచ్చటైనది. ఆ ఊరి అధికారులను లూకా ఒక ప్రత్యేకమైన హోదా పేరుతో పిలిచాడు. గ్రీకు సాహిత్యంలో మరెక్కడా ఆ హోదా కనబడదు. అయితే అదే ఊరి పాత కోటవాకిలి రాయి మీద అదే హోదా చెక్కి కనబడింది. ఆ రాయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అదే హోదా ఉన్న శాసనాలు మాసిదోనియ అంతటా తర్వాత ఎన్నో దొరికాయి. ఊరి మునసబును మునసబనీ, కరణాన్ని కరణమనీ తప్పు లేకుండా పిలవగలిగినవాడు ఆ ఊళ్ళో తిరిగినవాడై ఉండాలి, లేదా తిరిగినవాణ్ణి అడిగి రాసినవాడై ఉండాలి. పొంతి పిలాతు సంగతీ అంతే. 1961లో కైసరయలో పాత రంగస్థలం తవ్వుతుండగా మెట్టుగా వాడిన రాయి ఒకటి తిరగేస్తే ఆయన పేరు, యూదయ అధిపతి అన్న హోదా కనబడ్డాయి.

అన్నీ ఇంత సులువుగా కుదిరాయని నేను చెప్పను. యేసు పుట్టినప్పటి ప్రజాసంఖ్య గురించి, కురేనియ అధికారం గురించి లూకా రాసిన రెండో అధ్యాయం మీద పండితులు ఈనాటికీ తగవులాడుతున్నారు. ఆ చిక్కు అట్లాగే ఉంది. సమాధి దగ్గర దేవదూత ఒకడని మత్తయి రాస్తే, ఇద్దరు మనుషులని లూకా రాశాడు. ఉదయగిరిలో పట్టుబడింది ఎవరన్న దగ్గర మనం చూపిన ఓపిక ఇక్కడా చూపించాలి. నలుగురు సాక్షులూ ఒకే మాట చిలకపలుకుల్లా ఒప్పగిస్తే ఏ న్యాయాధిపతికైనా ముందు అనుమానం వస్తుంది.

రాళ్ళు ఎంతవరకు సాక్ష్యమిస్తాయో కూడా చెప్పుకోవాలి. పిలాతు అనే అధిపతి ఉన్నాడని కైసరయ రాయి రుజువు చేస్తుంది. ఆ పిలాతు సిలువకు అప్పగించినవాడు మూడో రోజున లేచాడని ఏ రాయీ రుజువు చేయదు. దానికి సాక్షులు మనుషులు. పౌలు కొరింథు సంఘానికి మొదటి పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 55లో, అంటే సిలువ జరిగిన పాతికేళ్ళ లోపు. లేచిన ప్రభువును ఐదువందల మందికి పైగా చూశారనీ, వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారనీ అందులో రాశాడు. కావాలంటే పోయి అడగండి అని చెప్పినట్టే. కట్టుకథ చెప్పేవాడు బతికున్న సాక్షుల జోలికి పోడు. ఈ మాటను బట్టి నమ్మాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు దేవుని ముందు తేల్చుకోవలసిందే. సాక్షులు నమ్మదగినవాళ్ళా కాదా అన్న దగ్గర మాత్రం చరిత్ర మనకు సాయం చేస్తుంది. చేతనైనంత దూరం చేసింది.

కుర్రవాళ్ళ అసలు అనుమానం ఇది కాదని నాకు తెలుసు. "లూకా సరిగ్గానే రాసి ఉండొచ్చు. తర్వాత మార్చేస్తే?" ఇదీ వాళ్ళు అడిగేది.

అన్నదమ్ములు నలుగురు ఆస్తి పంచుకొని, పంపకాల కాగితం నాలుగు ప్రతులు రాయించి తలా ఒకటి పెట్టుకున్నారనుకోండి. పెద్దవాడు తన ప్రతిలో ఎకరా కలిపి రాసుకుంటే ఏమవుతుంది? తక్కిన మూడు ప్రతులూ బయటికి తీసిన రోజున దొంగతనం బయటపడుతుంది. బైబిలు చరిత్రంతా ఈ లెక్కలోనే ఉంది. ఈ పుస్తకం ఏ రోజూ ఒక్క చేతిలో లేదు.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 303వ సంవత్సరానిది. దియోక్లెతియను చక్రవర్తి క్రైస్తవ గ్రంథాలన్నిటినీ పట్టుకొని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఉత్తర ఆఫ్రికాలో సిర్తా అనే పట్నం ఉంది, ఇప్పుడది అల్జీరియాలో కాన్‌స్టంటైన్. ఆ సంవత్సరం మే 19న మునాతియస్ ఫెలిక్స్ అనే అధికారి బంట్లను వెంటపెట్టుకొని అక్కడి సంఘం మీద పడ్డాడు. ఆ సోదాకు రాసిన పంచనామా మనకు దక్కింది. మందిరంలో వెతికితే ఒకే ఒక్క పెద్ద పుస్తకం దొరికింది. తక్కినవేవని గద్దిస్తే, చదివేవాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయన్నారు. బంట్లు ఇల్లిల్లూ తిరిగారు. రంగురాళ్ళు పొదిగే పనివాడి ఇంట్లో ఐదు, ఇంకొకరి ఇంట్లో ఎనిమిది, బడిపంతులు ఇంట్లో రెండు పుస్తకాలూ కొన్ని విడి కట్టలూ, ఒకామె ఇంట్లో ఆరు. భయపడి ఇచ్చేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఆ తర్వాత సంఘంలో ఎంతో అప్రతిష్ఠ వచ్చింది. నేను చూసేది మాత్రం ఆ ఇళ్ళ జాబితాను. పుస్తకాలను దాచిపెట్టే పీఠం లేదు, కాపలా కాసే రాజు లేడు. పనివాడి ఇంట్లో, పంతులు ఇంట్లో, ఒక గృహిణి చేతిలో ఉన్నాయి. సిర్తాలో పట్టుకున్నవన్నీ కాల్చినా అంతియొకయలో, రోములో, ఐగుప్తులో ఉన్నవి అట్లాగే ఉన్నాయి. అన్ని ఊళ్ళ ప్రతులనూ ఒకచోటికి రప్పించి, అందరికీ తెలియకుండా మార్చి, మళ్ళీ పంచగలిగే శక్తి మొదటి మూడువందల ఏళ్ళలో భూమ్మీద ఎవరికీ లేదు. చక్రవర్తి కాల్చగలిగాడు గానీ మార్చలేకపోయాడు.

ఏ పుస్తకాలు లేఖనాలన్న లెక్క కూడా పైనుంచి ఎవరో ఒక్క రోజులో హుకుం వేస్తే తేలింది కాదు. సువార్తలు నాలుగేనని ఇరేనియస్ 180 ప్రాంతంలోనే ఖండితంగా రాశాడు. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ, ఆ 27 మాత్రమే ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో కనబడుతుంది. అప్పటికి సంఘాలు ఆ పుస్తకాలను వందల ఏళ్ళుగా చదువుతున్నాయి. పాత నిబంధన పుస్తకాల లెక్కలో కతోలికులకూ మనకూ తేడా ఉంది, కొత్త నిబంధన లెక్కలో లేదు.

చేతిరాతలో తప్పులు దొర్లలేదా? దొర్లాయి. దీన్ని దాచిపెట్టి మాట్లాడే బోధకులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. కొత్త నిబంధన గ్రీకు రాతప్రతులు ఐదువేలకు పైగా ఉన్నాయి. వాటి మధ్య తేడాలు లక్షల్లో ఉంటాయి. అందులో ఎక్కువ భాగం అక్షర దోషాలు, మాటల వరస మారడాలు. ప్రతులు ఎక్కువైన కొద్దీ తేడాలూ ఎక్కువ కనబడతాయి, ఆ ఎక్కువ ప్రతులతోనే తప్పు ఏదో ఒప్పు ఏదో తేల్చుకోవడమూ వీలవుతుంది. ఒక్క రాతప్రతే మిగిలిన గ్రంథంలో తేడాలే కనబడవు, తప్పు ఉన్నా పట్టుకునే దారి లేదు.

1947లో మృత సముద్రం ఒడ్డున గుహల్లో బెదూయిను పశుల కాపరులకు తోలు చుట్టలు దొరికాయి. వాటిలో ఒకటి యెషయా గ్రంథం పూర్తిగా ఉన్న చుట్ట, ఏడు మీటర్లకు పైగా పొడవు. క్రీస్తుకు వంద ఏళ్ళకు పైగా ముందుది. అప్పటిదాకా మన దగ్గరున్న హెబ్రీ ప్రతుల్లో మంచివి పదో శతాబ్దం అటూఇటూవి. వెయ్యేళ్ళ ఎడం. ఆ వెయ్యేళ్ళలో ఏమేం చేర్చారో, ఏమేం తీసేశారో చూద్దామని ప్రపంచం కాచుకొని కూర్చుంది. విప్పి చూస్తే స్పెల్లింగు తేడాలు బోలెడు, అక్కడక్కడ మాట తేడాలు. గ్రంథం మాత్రం మనం చదివే యెషయాయే.

ఆ చుట్టలో నలభయ్యో అధ్యాయం దగ్గర ఒక చోటు ఉంది, ఫొటోల్లో ఎవరైనా చూడవచ్చు. గడ్డి ఎండిపోతుంది, పువ్వు వాడిపోతుంది అన్న మాట అక్కడ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఆ మాట రాసిన లేఖకుడి చూపు రెండోదాని మీదికి జారింది, నడుమనున్నది ఎగిరిపోయింది. తర్వాత ఎవరో మూలంతో సరిచూసి, తప్పిపోయిన భాగాన్ని వేరే చేతిరాతతో వరసల మధ్య ఇరికించి, చోటు చాలక పక్క అంచు వెంట కిందికి రాసుకుంటూ పోయారు. అందంగా లేదు. రెండువేల ఏళ్ళ కిందట ఒక మనిషి తప్పు చేయడం, ఇంకొక మనిషి పట్టుకోవడం, దిద్దినదాన్ని కప్పిపుచ్చకుండా వదలడం మన కళ్ళ ముందు ఉంది. మనుషుల చేతుల్లో దేవుని మాట ఎట్లా భద్రమయిందని అడిగేవాళ్ళకు నేను ముందుగా ఆ అంచు చూపిస్తాను.

మన తెలుగు బైబిల్లోనే ఇట్లాంటి నిజాయితీకి గుర్తు ఉంది. పాత అనువాదంలో మొదటి యోహాను పత్రిక ఐదో అధ్యాయం ఏడు, ఎనిమిది వచనాలు తీయండి. ఆత్మ, నీళ్ళు, రక్తం అని ముగ్గురు సాక్షులు కనబడతారు. అదే 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో వీళ్ళతోపాటు పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించి ఇంకొక వాక్యం ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్న కుర్రవాళ్ళు "తెలుగువాళ్ళు త్రిత్వం తీసేశారు" అని కంగారుపడతారు. జరిగింది వేరు. ఆ వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. లాటిన్ సంప్రదాయంలో చేరి, ఆలస్యంగా కొద్దిపాటి గ్రీకు ప్రతుల్లోకి ఎక్కింది. ఎరాస్మస్ 1516లో గ్రీకు నిబంధన అచ్చువేసినప్పుడు దాన్ని వదిలేశాడు. కొందరు గొడవ చేసి ఒక గ్రీకు ప్రతి చూపించేసరికి 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిలు సవరణ సంఘంవాళ్ళు ప్రతుల సాక్ష్యం చూసి దాన్ని పక్కనపెట్టారు. తమ సిద్ధాంతానికి ఎంతో అనుకూలమైన వాక్యాన్ని, ఆధారం చాలదని వదులుకున్నారు! మత్తయి సువార్త చివర, కొరింథీయుల రెండో పత్రిక చివర తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఎట్లాగూ ఉన్నారు, సిద్ధాంతానికి లోటు రాలేదు. అయినా ఆ వదులుకోవడంలో ఉన్న దైవభీతిని నేను గౌరవిస్తాను.

ఆ తెలుగు బైబిలు మనదాకా వచ్చిన దారిని టూకీగా చెబుతాను, ముందు భాగాల్లో కొంత వచ్చిందే కనుక. జర్మనీ దేశస్థుడు బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి 1727లో కొత్త నిబంధన, 1732కల్లా పాత నిబంధన తెలుగు చేశాడు. ఆ రాతప్రతులు హాలే పట్టణానికి పోయాయి, అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ దేగ్రాంజిలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో మళ్ళీ మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దేగ్రాంజి 1810లో చనిపోయారు. వాళ్ళు తయారుచేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చిలో ఆ ముద్రణాలయం అగ్నిప్రమాదంలో కాలి, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ మళ్ళీ మొదటినుంచి పూనుకున్నాడు. 1818లో తెలుగు కొత్త నిబంధనలు రెండు వెలువడ్డాయి: శ్రీరాంపూర్ నుంచి కేరీ బృందానిది, మద్రాసు నుంచి విశాఖ మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్‌ది. పూర్తి బైబిలు 1854లో మద్రాసులో వచ్చింది.

ఒకే ఏడు రెండు చోట్ల నుంచి రెండు అనువాదాలు! అనవసరపు శ్రమ అని అప్పట్లో విసుక్కున్నవాళ్ళు ఉండే ఉంటారు. నాకది భాగ్యంగా కనబడుతుంది. తెలుగులో కూడా ఈ పుస్తకం మొదటినుంచీ ఒక్క చేతిలో లేదన్నమాట. ఆ తర్వాత సవరణ పనిలోకి విశాఖ నుంచి లండన్ మిషను పండితుడు జాన్ హే వచ్చాడు, నెల్లూరు నుంచి బాప్టిస్టు జ్యూయెట్ వచ్చాడు. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సంఘం ఒకరిది, పెద్దవాళ్ళను నీళ్ళలో ముంచితే తప్ప ఒప్పుకోని సంఘం ఇంకొకరిది. ఈ విషయం మీద వాళ్ళ మధ్య రాజీ లేదు. అట్లాంటివాళ్ళు ఒకరి పని ఒకరు వచనం వచనం చూస్తుంటే, ఎవరి సంఘానికి అనుకూలంగా వాళ్ళు ఒత్తి రాసుకోవడం ఎంత కష్టమో ఊహించండి. ప్రత్యర్థి చేసే తనిఖీని మించిన తనిఖీ లేదు.

ఇక కుర్రవాళ్ళ రెండో మాట: దొరలు తెచ్చిన పుస్తకం. తెచ్చింది దొరలే. ఆ పుస్తకం దొరలదయితే దొరల మాట వినాలి కదా. ఒంగోలులో ఏం జరిగిందో చూడండి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే, 1904 దాకా.

మిషనరీ జాన్ క్లౌ 1865లో నెల్లూరు వచ్చి, 1866లో ఒంగోలుకు మారాడు. అదే ఏడు మార్చిలో, మన ఉదయగిరికి ఆనుకొని ఉన్న కనిగిరి తాలూకా తాళ్ళకొండపాడు మాదిగ పేరయ్యకు జ్యూయెట్ బాప్తిస్మమిచ్చాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారి. అంతకు ముందు గురువును ఆశ్రయించి రాజయోగం సాధన చేసినవాడు. ఏళ్ళ తరబడి సత్యాన్ని వెతికి, యోగాన్ని పట్టుకొని, దానితో తృప్తిపడక ఇటు వచ్చాడు. దొర చూపిన ఆశకు లొంగిన మనిషి కాడు. ఆయన వెనక ఆ చుట్టుపక్కల మాదిగలు కదిలారు.

అప్పటికే క్లౌ బడికి ఒంగోలు బ్రాహ్మణుల పిల్లలు వస్తున్నారు, పెద్దలు శ్రద్ధగా వింటున్నారు. మాదిగలను చేర్చుకునేసరికి ఆ పెద్దలు క్లౌ దగ్గరికి వచ్చి తేల్చి చెప్పారు: వాళ్ళు వస్తే మేం రాము. క్లౌ ఇరకాటంలో పడ్డాడు. పెద్ద కులాలవాళ్ళు ముందు వస్తే ఊరంతా వస్తుందని ఆశపడ్డవాడు ఆయన. ఆ కాలం మిషనరీల్లో అట్లా ఆశపడనివాళ్ళు తక్కువ. లోపలికి వెళ్ళి చేతికందిన నిబంధన తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. లోకంలో జ్ఞానులను, బలవంతులను, గొప్ప వంశస్థులను దేవుడు ఎక్కువమందిని పిలవలేదనీ, నీచులనీ తృణీకరింపబడినవారనీ లోకం అనుకునేవాళ్ళనే ఏర్పరచుకున్నాడనీ పౌలు రాసిన భాగం అది. అదే వేళ తన గదిలో ఉన్న భార్య హ్యారియెట్‌కు కూడా అదే భాగం తగిలిందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకేసారి అదే పుట తెరుచుకోవడం దేవుని పనా, కాకతాళీయమా అన్నది చరిత్ర చేతికి అందే విషయం కాదు. ఆయన తీసుకున్న నిర్ణయం మాత్రం అందుతుంది. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలకు తలుపు మూసుకోలేదు.

అధికారం అంటే నాకు ఇక్కడ అర్థమవుతుంది. పుస్తకం దొర చేతిలో ఉంది. దొరకు ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. పుస్తకం దొర మీద తీర్పు చెప్పింది, దొర తలవంచాడు. వేదం వినే హక్కే లేదని తరతరాలుగా చెప్పించుకున్న జనం చేతికి అదే పుస్తకం వచ్చి, బోధకుడు చెప్పింది అందులో ఉందో లేదో చూసుకునే హక్కు కూడా వచ్చింది. పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్నందుకు బెరయ ఊరివాళ్ళను లూకా మెచ్చుకున్నాడు. పౌలునే సరిచూడవచ్చంటే పాస్టరుగారిని సరిచూడకూడదా? ఏ బోధకుడైనా, ఏ స్వస్థత కూటాల ప్రసంగీకుడైనా తన మాటను ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడమే అంటే, పుస్తకం తెరిచి చూపమనండి. సంఘాల్లో మాల మందిరం, మాదిగ మందిరం అని విడిపోయి, పెళ్ళి సంబంధాల దగ్గర కులం చూసే పద్ధతిని కూడా అదే మొదటి అధ్యాయం ముందు నిలబెట్టాలి. క్లౌను నిలబెట్టింది, మనల్ని వదలదు.

ఉదయగిరిలో మిషను స్థానం 1885లో ఏర్పడింది. కనిగిరిలో 1892లో, ఆత్మకూరులో, కావలిలో 1893లో. ఉదయగిరిలో ఆ తర్వాత ఆసుపత్రి కూడా వెలిసింది. పడమటి పల్లెలకు సువార్త మోసుకొచ్చినవాళ్ళలో దొరలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. తక్కిన పనంతా తెలుగు బోధకులది, పల్లె పంతుళ్ళది, ఇంటింటికీ తిరిగి చదివి వినిపించిన బైబిలు స్త్రీలది. ఒంగోలు నిర్ణయానికీ ఉదయగిరి స్థానానికీ నడుమ వచ్చింది 1876–78 కరువు. ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్త పట్టి క్లౌ వేలమందికి కూలి దొరికేటట్టు చేశాడు. కరువు తీరేదాకా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనని పట్టుబట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. తిండికోసం వచ్చారన్న నింద ఆనాటినుంచి ఉంది. వచ్చే భాగంలో ఆ కాలువ గట్టు మీదినుంచే మొదలుపెడదాం.